జరీ అంచు మెడల్స్

నౌకాదళంలో నా పని జెండాలు ఊపడం, దీపం వెలిగించి ఆర్పడం. ఒక ఓడ చెప్పింది ఇంకో ఓడకు చేరవేయాలి, సొంత మాట ఒక్కటి కలపకూడదు. ఇరవై ఎనిమిదేళ్ళు పరుల మాటలు మోసినవాణ్ణి, అందుకే ఇప్పుడు కాస్త ఎక్కువ మాట్లాడతాను. గొర్రెల వెంట తిరుగుతూ చదువుకుని, ప్రైవేటుగా పదో తరగతి గట్టెక్కిన నాకు ఆ హక్కుంది.

మెడల్స్ అంటే నేనేదో శత్రువు ఓడను ముంచాననుకుంటారు బయటి జనం. తొమ్మిదేళ్ళు పారిపోకుండా ఉన్నందుకు ఒకటి. ఇరవై ఏళ్ళు పారిపోకుండా ఉన్నందుకు ఇంకొకటి. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళు నిండిననాడు ఉద్యోగంలో ఉన్నందుకు మూడోది. అది అడ్మిరల్‌కూ ఇచ్చారు, మా వంటవాడికీ ఇచ్చారు. వాడి కూర తిన్న మాకు కదా ఇవ్వాల్సింది!

కంబదూరు దగ్గర మా ఊళ్ళో బోరు ఎంత లోతుకు దించినా దుమ్మే. అలాంటి ఊరివాడు సముద్రం మీద ఉద్యోగం చేశాడంటే ఎవరు నమ్ముతారు? "ఓడలో అంట్లు తోమేటోడంట" అని నా భార్య చెవిన పడేలా అనేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. ఆమెకు నిద్ర పట్టేది కాదు. నిరుడు ఆగస్టు పదిహేనుకు మెడల్స్ పెట్టుకుని వచ్చి జెండా ఎగరేయమని బడి హెడ్మాస్టరు పిలవగానే, ఆమె పుట్టింటివాళ్ళందరికీ ఫోన్లు చేసింది.

పెట్టె తెరిస్తే మెడల్స్ ఉన్నాయి, వాటిని వేలాడదీసే చారల రిబ్బన్లను చెదలు తినేశాయి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా తోడల్లుడికి రిబ్బన్ల మీది గీతల రంగులు, వెడల్పులు కాగితం మీద స్కేలుతో గీసిచ్చాను. పద్నాలుగో తేదీన నేసి తెచ్చాడు. గీతలు సరిగ్గానే ఉన్నాయి. రెండు పక్కలా జరీ అంచు ధగధగలాడుతోంది.

"ఇదేందప్పా?"

"అంచు లేకుంటే పేలిక మాదిరి ఉంటాదన్నా."

"జరీ యాడ గీసినా నేను?"

"నువ్వు గీయల్యా. నీకు తెలీదని నేనే ఏసినా."

నాకు ఒళ్ళు మండింది. ఒక్కో మెడల్‌కు ఒక్కో గీతల వరస. ఒక పోగు కలిపితే అది నాకెవరూ ఇవ్వని మెడల్ అవుతుంది. రేపు పోనని చెప్పేశాను.

"పోకుంటే అంట్లు తోమినోడే అని ఖాయమైపోతాది," అంది నా భార్య. "మా అన్నోళ్ళు కొత్తచెరువు నుంచి జీపు కట్టించుకొని వస్తాండారు. నీ గీతలు ఎవురికి తెలుస్తాయి?"

"నాకు తెలుస్తాయి."

"అయితే నువ్వు కండ్లు మూసుకో."

పొద్దున్నే నా చొక్కాకు మెడల్స్ తనే గుచ్చేసింది.

జెండా ఎగరేశాను. మైకు నా చేతికిచ్చారు. మా పనిలో తప్పు పంపితే దాచేది లేదు. ఆపాలి, తప్పని తెలపాలి, సరైన మాట మళ్ళీ పంపాలి. అదే చేశాను.

"ఈ రిబ్బన్లు తప్పు. గీతలు నౌకాదళానివి, జరీ ధర్మవరంది. నేను యుద్ధంలో ఎవుర్నీ చంపల్యా. జెండాలు ఊపినా. అంట్లంటారా, అవీ తోమినా. కొత్తగా చేరినోళ్ళమంతా వంతులేసుకొని తోమినాము."

ముందు వరసలో నా భార్య కొంగులో మొహం దాచుకుంది. పక్కనే తోడల్లుడు లేచి నిలబడి, జరీ తనదేనని అందరికీ చెప్పుకుంటున్నాడు.

ఇంటి దారిలో ఆమె అడిగింది:

"అంట్లు తోమినావా, నిజంగా?"

"నిజమే."

"మరి, ఇన్నేండ్లూ ఇంట్లో ఒక్క గిన్నె ఏల తోమల్యా?"