రెండో ఎలెన్

ఎనిమిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చూడబోతే పెద్ద విషయం కాదు. ఒక పాత పేజీలో ఒక వరుస చదవాల్సిన చోట ఇంకో వరుస చదివాను. అంతే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి చెప్పడం తేలిక అనుకుని కూర్చున్నాను. తేలికేమీ కాదు.

నేను సుఖంగానే ఉన్నానని ముందే చెప్పాలి. నచ్చిన ఉద్యోగం, మంచి భర్త, ఇల్లంతా పరుగులు తీసే నాలుగేళ్ల కూతురు. తప్పు చేసినవాళ్లకు తిండి సయించదని, నిద్ర పట్టదని అంటారు. నాకు అన్నీ బాగానే జరిగాయి. ఒప్పుకోవలసినవాటిలో అదీ ఒకటేమో.

2006లో ఎం.ఎస్. చదవడానికి న్యూజెర్సీలోని పిస్కాటవే వచ్చాను. క్యాంపస్‌కి దగ్గరలో డోరిస్ అనే ఆవిడ ఇంట్లో మేడమీద గది దొరికింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. మొదటిరోజే అలవాటుకొద్దీ ఆంటీ అన్నాను. నేను నీకు ఎవరి వైపు ఆంటీనమ్మా అని నవ్వింది కానీ, ఆ పిలుపు ఆవిడకు నచ్చింది. చూపు మధ్యలో మసక కమ్మేది. మనుషుల్ని పోల్చుకునేది, అక్షరాలు మాత్రం చదవలేకపోయేది.

ఆవిడకు మిగిలిన కోరిక ఒక్కటే. తన అమ్మమ్మ ఎలెన్ ఎవరి బిడ్డో తెలుసుకోవాలి. ఎలెన్ ఇంగ్లండులో, లాంకషైర్ వైపు ఒక బట్టల మిల్లుల ఊళ్లో పుట్టింది. పెళ్లయ్యాక న్యూజెర్సీ వచ్చి పట్టు మిల్లులో పనిచేసింది. తల్లిదండ్రుల సంగతి ఎవరడిగినా మాట మార్చేసేదట. ఆమె నుంచి మిగిలినవి రెండే. ఒకటి, మొదటి పేజీలో పుట్టినరోజు రాసివున్న ప్రార్థన పుస్తకం. రెండోది ఒక మాట. "మా అమ్మ పక్కన పడుకుంటే దూది వాసన వచ్చేది" అని. డోరిస్ ఆంటీ ఆరేళ్ల పిల్లగా విన్న మాట అది. డెబ్బై ఏళ్లకు పైగా దాచుకుంది.

శనివారం మధ్యాహ్నాలు ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం. చర్చి రిజిస్టర్ల ఫోటోలు, పాత జనాభా లెక్కలు నేను పైకి చదివేదాన్ని, ఆవిడ వినేది. ఆవిడ టీ పెడితే నేను అందులో అల్లం వేసేదాన్ని. కొన్నాళ్లకు అల్లం లేనిదే ఆవిడకు టీ రుచించలేదు. అంత హాయిగా గడిచిన మధ్యాహ్నాలు నా జీవితంలో తక్కువ. మేము వెతుకుతున్నది రాజుల్నీ జమీందార్లనీ కాదు. మగ్గం మనుషులు, బొగ్గుగని కూలీలు, ఇంటింటికీ బట్టలుతికే ఆడవాళ్లు. పెళ్లి కాగితం మీద సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టినవాళ్లు. అలాంటి గుర్తు ఒకటి దొరికితే చాలు, ఆవిడ తెరకు ముఖం ఆనించి దాన్ని చూసే ప్రయత్నం చేసేది. మా ఇంట్లో తాతయ్య తండ్రికి పైన ఎవరి పేరూ తెలియదు. అందుకేనేమో ఆ వెతుకులాట నా సొంతపనిలా ఉండేది.

2007 మార్చిలో ఆ పేజీ దొరికింది. బాప్తిస్మం రిజిస్టర్. ఒకే పేజీలో ఇద్దరు ఎలెన్‌లు, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. ఆ ఊళ్లో సగంమందిది అదే ఇంటిపేరు మరి. మొదటి ఎలెన్ వరుసకు పక్కన మార్జిన్‌లో పుట్టినతేదీ ఉంది. ప్రార్థన పుస్తకంలో ఉన్న తేదీయే. తల్లి పేరు హన్నా. పెళ్లికాని మనిషి. దూది ఏకే గదిలో పని. తండ్రి పేరు లేదు.

నాలుగు వరుసల కింద రెండో ఎలెన్. తండ్రి జేమ్స్, నేతపని. తల్లి మేరీ.

డోరిస్ ఆంటీ కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

"దొరికిందా? చదువు. ఎవరి బిడ్డ?"

రెండు వరుసలూ మళ్లీ చూశాను. ఎక్కువసేపు కాదు. ఒక్క ఊపిరి పీల్చేంత సేపు. ఆ కాస్తలోనే నిర్ణయం అయిపోయింది.

"జేమ్స్, మేరీ. జేమ్స్‌ది నేతపని."

"ఇద్దరి పేర్లూ ఉన్నాయా?"

"ఉన్నాయి ఆంటీ."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. తరువాత ఆ భార్యాభర్తల్ని జనాభా లెక్కల్లో వెతకమంది. బిడ్డ పుట్టకముందు తీసిన లెక్కల్లో దొరికారు. మేరీ పేరు పక్కన పనేమీ రాసిలేదు. ఇంటిపట్టున ఉండే మనిషి. అదీ చదివాను.

ఆవిడ అడిగింది. "మేరీ మిల్లుకు వెళ్లకపోతే, మరి ఆ దూది వాసన?"

"అప్పుడు మీరు ఆరేళ్ల పిల్ల కదా. ఇంకెవరో అన్న మాట ఇందులో కలిసిపోయి ఉంటుంది."

ఆవిడ చేతిలో కప్పు బల్లమీద పెట్టింది. "అంతే అయివుంటుంది. నా జ్ఞాపకాన్ని నమ్మడానికి లేదు ఇక," అంది.

వరుస మార్చి చదవడం ఒక తప్పు. కానీ నన్ను ఎక్కువ తొలిచింది ఆ రెండో మాట. ఒక ముసలామె దగ్గర ఉన్న ఒకే ఒక్క నిజాన్ని, ఆవిడ చేతనే అబద్ధం అనిపించాను.

ఎందుకు చేశాను? ఆవిడ బాధపడకూడదని, అనుకున్నాను. చాలాకాలం అదే నమ్మాను. నిజానికి ఆ క్షణం నా కళ్లముందు ఆవిడ లేదు. ఏడో తరగతిలో మా క్లాసు సరళ ఉంది. ఏదో ఫారం నింపుతూ టీచర్ అందరి ముందూ తండ్రి పేరు అడిగితే సరళ తలవంచుకుని నిలబడింది. వెనక బెంచీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో కాదు, నేనే. తండ్రి పేరు లేకపోవడం ఎంత సిగ్గో నాకు అంత చిన్నప్పుడే తెలుసు, ఆ సిగ్గు నా పెట్టెలోనే అమెరికా దాకా వచ్చింది, దాన్ని తీసి డోరిస్ ఆంటీకి కప్పాను. ఆవిడ అడిగిందా? ఆవిడ మేనకోడలు కారల్ పెళ్లి చేసుకోకుండానే కూతుర్ని పెంచుకుంటోంది. ఆ పాపకు ఎంత ధైర్యమున్న అమ్మ దొరికిందో అని ఆవిడ నాతో ఎన్నిసార్లు మురిసిపోలేదు? హన్నా సంగతి విని ఉంటే ఆవిడ తల దించుకునేదా, ఎత్తుకునేదా? నాకు జవాబు తెలుసు. అప్పుడూ తెలుసు.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల తరువాత కంప్యూటర్ ముందు నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు అదే చర్చి సమాధుల రిజిస్టర్ తెరిచాను. రెండో ఎలెన్, జేమ్స్ కూతురు, ఏడు నెలల వయసులో చనిపోయింది. మరో జనాభా లెక్కలో హన్నా కనిపించింది. పెళ్లికానిది, దూది ఏకే గదిలో పని, ఎవరి ఇంట్లోనో ఒక గదిలో అద్దెకుంటోంది. కింద ఎలెన్, కూతురు, తొమ్మిదేళ్లు. అంటే తొమ్మిదేళ్లపాటు ఆ తల్లి బిడ్డను ఎవరికీ ఇచ్చేయలేదు. మిల్లుకు వెళుతూనే దగ్గర ఉంచుకుని పెంచుకుంది. అంతా చూశాను. వంటింట్లోంచి డోరిస్ ఆంటీ టీ అయిందని పిలిచింది. ఆ పేజీలు మూసేసి వెళ్లాను.

ఆ జూలైలో కారల్ వంశవృక్షాన్ని పెద్ద కాగితం మీద ప్రింట్ చేయించింది. చుట్టాలంతా పెరట్లో చేరారు. ఆవిడ నన్ను పక్కన నిలబెట్టుకుని, "ఈ పిల్ల లేకపోతే నాకు ముత్తాత దొరికేవాడే కాదు," అంది. అక్షరాలా నిజం. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సంతోషం వేసింది కూడా. దాచడమెందుకు.

ఉద్యోగం వచ్చి దేశానికి ఆ చివరనున్న బాతెల్ వెళ్లిపోయాను. ప్రతి క్రిస్మస్‌కి ఫోన్ చేసేదాన్ని. చేసిన ప్రతిసారీ చెప్పాలని తపించానంటే అది ఇంకో అబద్ధం. రెండుసార్లు అనుకున్నాను. రెండుసార్లూ ఆవిడ గొంతు హుషారుగా ఉంది, ఎందుకులే అనుకున్నాను. 2011లో ఆవిడ పోయింది.

ఈ వసంతంలో కారల్ నుంచి మెయిల్ వచ్చింది. వేసవిలో కూతుర్ని తీసుకుని ఇంగ్లండ్ వెళుతోందట. జేమ్స్, మేరీల సమాధి వెతికి డోరిస్ అత్త తరఫున పూలు పెట్టాలట. ఆ రిజిస్టర్ పేజీ కాపీ నా దగ్గరుంటే పంపమంది. చదివి, ల్యాప్‌టాప్ మూసి, బెండకాయలు కోస్తూ కూర్చున్నాను. మా ఆయన వచ్చి ఏమైందన్నాడు. ఆయనది కరీంనగర్. ఆయనకూ అప్పటిదాకా చెప్పలేదు. మొదటినుంచీ చెప్పాను.

"ఆంటీ పోయింది, సరే. కారల్ ఉన్నది గదా," అన్నాడు. "ఆ పోరిని అంత దూరం తీస్కపోయి వేరేటోళ్ల సమాధి మీద పూలు పెడ్తుంటే, నువ్వు ఇక్కడ ఊకనే కూసుంటవా?"

ఆ సాయంత్రమే రాశాను. మూడు పేజీల కాపీలూ జతచేశాను. పొరపాటున చదివానని రాయలేదు. అలా రాస్తే ఎవరికీ తెలియదు, ఒకసారి టైప్ చేసి తీసేశాను కూడా. తెలిసే చదివానని రాశాను.

మూడు రోజులకు జవాబు వచ్చింది. పేజీలు అందాయంది. డోరిస్ అత్తకు హన్నా తెలిసివుంటే ఎంత ఇష్టపడేదో అంది. నా గురించి ఒక్క మాట లేదు. ఆ తరువాత మెయిల్ లేదు. క్షమించిందో లేదో అడగలేదు, అడగను. క్షమించాల్సిన మనిషి ఆమె కూడా కాదు.

డోరిస్ ఆంటీకి గుర్తున్నది నిజం. నేను చదివింది అబద్ధం. ఈ రెండు ముక్కలూ ఆవిడ చెవిన పడాల్సినవి. పడలేదు, ఇక పడవు. కనీసం ముక్కూమొహం తెలియని మీతో పైకి అన్నాను. అనేశాక వింతగా ఆకలేస్తోంది. లేచి అన్నం తింటాను.