కలిసే పడుకుంటన్నారేటి?

ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే అందరూ "ఏం తిన్నావు?" అని అడుగుతారు. గజపతినగరంలో మా ఇంటిగలావిడ దేముడమ్మ మాత్రం "మొగుడూ పెళ్లాం కలిసే పడుకుంటన్నారేటి?" అని అడిగేది. అదీ నడివీధిలో. యాభై దాటిన మనిషి. పొలం ఈ చివర నిలబడి ఆ చివరి కూలీలను పిలిచే గొంతు. ఆ గొంతుకు గుసగుస అలవాటు లేదు.

1968లో కొత్తగా పెళ్లయి మేం ఆవిడ ఇంట్లో ముందు వాటాలో దిగాం. నేను హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. బండిలోంచి సామాను దింపుతుంటే నడుం మీద చేతులేసుకుని చూసింది.

"మాస్టరూ, రెండు మంచాలేటి?"

"ఒకటి చుట్టాల కోసమండీ."

"అది అటకెక్కించీండి. సుట్టాలు సాప మీద పడుకుంటారు."

మా ఆవిడ పద్మకుమారి తలుపు వెనక్కి వెళ్లి మర్నాటిదాకా బయటికి రాలేదు.

మా హెడ్మాస్టరు నారాయణమూర్తిగారు ఓసారి తలకు రుమాలు కట్టుకుని బడి గేటు దగ్గర ఆవిడకు దొరికిపోయారు. పిల్లలంతా ప్రార్థనకు వరసలో ఉన్నారు. "తలనొప్పేటి బాబూ? అమ్మగారూ మీరూ కలిసే..." అని మొదలుపెట్టింది. ఆయన లోపలికి పరుగెత్తారు. ఆ తర్వాత ఆయనకు తలనొప్పి వచ్చినట్టు ఊళ్లో ఎవరూ వినలేదు.

అసలు కథ బెల్లం కొట్టు సూరయ్యది. అతనికి ఎప్పుడూ కడుపులో మంట, పెళ్లాం అమ్మడుకి నడుంనొప్పి. విజయనగరం డాక్టర్లు రాసిన టానిక్కులు ఒకరివొకరు మార్చుకుని మరీ తాగారు. రోజంతా కొట్లాటే. వాళ్ల దగ్గర బెల్లం కొన్నవాళ్లు చేదు మొహాలతో ఇంటికొచ్చేవాళ్లు.

సంతరోజు దేముడమ్మ కొట్టు ముందు ఆగింది. "ఒరే సూరయ్యా! కలిసే పడుకుంటన్నారేటి?"

సూరయ్య చేతిలో బెల్లం దిమ్మ కాలి మీద పడింది. అమ్మడు మాత్రం తక్కెడ దించి, అంతే గట్టిగా అంది: "ఎక్కడ పడుకుంటాం పిన్నీ? ఉన్నది ఒక్క గది. మజ్జిలో మా అత్త!"

సంతంతా ఘొల్లుమంది.

సూరయ్య తల్లి తాతమ్మది తప్పేం కాదు. భర్త పోయినప్పటి నుంచి ఆవిడకు ఒంటరిగా పడుకోవాలంటే భయం. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గు. అందుకే కొడుకూ కోడలి మధ్య చాప పరిచేది.

ఆ సాయంత్రమే దేముడమ్మ తాతమ్మ దగ్గర చేరి దీనంగా మొహం పెట్టింది. "అప్పా, నాకు ఒక్కదాన్నీ పడుకోవాలంటే బయ్యంగా ఉన్నాది. రోజూ తోడొస్తావేటి?"

నేను అక్కడే ఉన్నాను. కొబ్బరిచెట్టెక్కిన దొంగ దిగేదాకా కత్తిపీటతో కింద కూర్చున్న మనిషి ఈవిడే!

"అయ్యో, ఇన్నాళ్లూ సెప్పలేదేటే పిచ్చిదానా!" అని తాతమ్మ చాప చుట్టేసింది.

వెళ్తూ వెళ్తూ దేముడమ్మ సూరయ్యకు పాఠం చెప్పింది. "గది కాలీ అయినాది గదాని మీద పడిపోకు. ముందు దాన్ని నవ్వించు. నడుం నొప్పెడతాదంటే నూనె రాయి. దానికి మనసైతేనే తక్కినది."

రెండు నెలలకు కడుపుమంట తగ్గింది. నడుంనొప్పి మాట వినపడలేదు. కొట్లాట పూర్తిగా పోలేదుగానీ, తిట్టుకుంటూనే మధ్యలో నవ్వేసేవాళ్లు. అమ్మడు మొగ్గుగా తూస్తోందని ఊరంతా ఆ కొట్టుకే వెళ్లేది.

నష్టపోయింది దేముడమ్మ ఒక్కతే. తాతమ్మ గురక ధాన్యం మిల్లులా మా వాటాకు కూడా వినిపించేది. పాపం, దేముడమ్మ పగలు అరుగు మీద కూర్చునే కునుకు తీసేది.

ఓరోజు ఉండబట్టలేక అడిగాను. "ఇంత మంచి చేసేవారు, ఆ ప్రశ్నేదో చెవిలో అడగకూడదా?"

"సెవిలో అడిగితే సిగ్గు ఆళ్లది బాబూ. బజార్ల అడిగితే అందరూ నన్ను సూసి నవ్వుతారు. ఆ నవ్వులో ఆళ్ల నోట నిజం జారిపోతాది. మా ఆయన పోయినదాకా ఆయనా నానూ ఇరవయ్యేళ్లు ఒకే దుప్పట్ల పడుకున్నాం. నాకు సిగ్గెందుకు?"

ఇంతలో లోపలి నుంచి తాతమ్మ కేకేసింది. "పొద్దు గూకతన్నాది! రాయే, బయ్యపడతావు!"

"ఒస్తన్నానప్పా! కాళ్లు ఒణుకుతన్నాయి!" అంటూ దేముడమ్మ చెవుల్లో దూది కూరుకుని లోపలికి నడిచింది.