ఓట్లయ్యాకే పాట

మొన్న పొద్దున్న ఇడ్లీ పిండి గిన్నె పట్టుకుని వంటింట్లో నిలబడి ఉండగా వీధిలోంచి ప్రచారం ఆటో వెళ్ళింది. పంచాయతీ ఎన్నికలట. మైకులో ఎవరో అభ్యర్థి పేరుని సినిమా బాణీలో ఇరికించి పాడుతున్నారు. పేరు పొడుగు, బాణీ పొట్టి. ఊపిరి తీసుకోవడానికి చోటు దొరక్క గాయకుడు నానా అవస్థా పడుతున్నాడు. నవ్వు రావలసిందే కాని, నాకు మా పెద్దమ్మ గారబ్బాయి, మా అన్నయ్య, గుర్తొచ్చి స్టవ్ ఆపేసి కూర్చున్నాను.

ఒకప్పుడు మేం నలుగురం ఒక పాటల జట్టు. అన్నయ్య పాట కట్టి, తనే ముందుగా ఎత్తుకునేవాడు. వదినా నేనూ వంత పాడేవాళ్ళం. డప్పు వాయించే అతను పొలం కూలీ. ఆదివారం పొద్దున్న చర్చిలో డోలక్ వాయించి, మధ్యాహ్నానికి డప్పు భుజానేసుకుని మా దగ్గరికి వచ్చేసేవాడు. నన్ను అక్కా అనేవాడు కాబట్టి తమ్ముడనే చెప్పుకుంటాను. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు తాగునీటి కాలవలోకి వదిలేస్తున్నారని ఊరూరా తిరిగి, మండలాఫీసు మెట్ల ముందు కూర్చుని పాడేవాళ్ళం. జట్టుకి మేం పెట్టుకున్న పేరు చాలా గంభీరమైనది, అది ఇప్పుడు మాకే గుర్తులేదు. జనం మాత్రం కాలవ పాటలోళ్ళు అనేవారు.

ఒక ఎన్నికలప్పుడు ఎవరో అభ్యర్థి మా పాటని జీపు మీద పెట్టుకుని ఊళ్ళన్నీ తిప్పాడు. కాలవ పేరున్న చోటల్లా ఆయన పేరు. మర్నాడు కుళాయి దగ్గర ఒకావిడ ఎంతో మర్యాదగా, "మీరు ఆ పార్టీలోకి వెళ్ళిపోయారంటగా అండి?" అని అడిగింది. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. కొత్తగా టీచరునైన రోజులవి. తరగతిలో పెట్టినట్టే జట్టుకీ ఒక రూలు పెట్టాను: ఎన్నికల ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి లెక్కింపు అయ్యేదాకా పాడకూడదు. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే గోడకుర్చీ వేయించేదాన్నని వదిన ఇప్పటికీ అంటుంది.

తరవాత ఉద్యోగాలు, బదిలీలు, పిల్లల చదువులు. పాట దానంతటదే ఆగిపోయింది. రెండేళ్ళ కిందట కాలవ నీళ్ళు మళ్ళీ ఉప్పగా తగిలేసరికి తమ్ముడు అందరికీ ఫోన్లు చేసి, ఒక ఆదివారం సాయంత్రం కాలవ గట్టు మీద కలుద్దామన్నాడు. నేను తణుకులో మిరియాల కషాయం తాగుతూ గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాను. ఇంతలో ఎన్నికల ప్రకటన వచ్చిపడింది. లెక్కింపయ్యాక పెట్టుకుందామని అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను.

"గొంతులో గడ్డేదో ఉందన్నారమ్మా. వచ్చే నెల ఆపరేషను. ఆ తర్వాత మాటొస్తుందని డాక్టరు గారు గ్యారంటీ ఇవ్వట్లేదు" అన్నాడు, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా.

"అయితే ఈ ఆదివారమే పాడేద్దాం అన్నయ్యా. రూలు పెట్టింది నేనేగా, నేనే తీసేస్తున్నా."

"నువ్వు తీసేస్తే జనం ఊరుకుంటారేంటి? ఏ పార్టీవాళ్ళు పిలిచారంటారు. నాకిదే ఆఖరి పాటయితే, అది ఇంకోళ్ళ పాటనిపించుకోలేనమ్మా."

పోనీ ఇంట్లోనే పాడు, ఫోన్లో రికార్డు చేసుకుంటానన్నాను. తలుపులేసుకుని పాడడానికి అదేమన్నా జోలపాటా అన్నాడు. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళి మరీ బతిమాలాను. రేకులన్నీ తిన్నాడు కాని మాట మార్చుకోలేదు. ఆపరేషను అయింది. మాట రాలేదు.

లెక్కింపు అయిన మొదటి ఆదివారం గట్టు మీద కలిశాం. అన్నయ్య మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. తమ్ముడు గడ్డి మంట మీద డప్పు కాచి మొదలుపెట్టగానే వదినా నేనూ పల్లవి అందుకున్నాం. చరణంలో మొదటి పాదం ఎప్పుడూ అన్నయ్యదే. అది ఎవరు పాడాలో ముందు అనుకోనేలేదు. ఆ చోటుకి వచ్చేసరికి ఇద్దరం ఆగిపోయాం. తమ్ముడు డప్పు ఆపలేదు. అన్నయ్య ముందుకొచ్చి, చెయ్యెత్తి, ఆ పాదమంతా పెదవులతో పాడాడు. గట్టు మీద జనం కదల్లేదు. ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. రెండో పాదం వదిన ఒక్కతే పాడింది.

ఆ పాట వల్లో, కొత్తగా గెలిచినాయన ఉత్సాహం వల్లో, ఉప్పునీళ్ళ తూములు ఆ నెలలోనే మూయించారు. అన్నయ్య ఫోన్లో "మంచి టైముకే పాడాం" అని రాసి పంపాడు. అవునని జవాబిచ్చాను. అది అబద్ధమని తనకి తెలిసే ఉంటుంది. ప్రకటనకీ లెక్కింపుకీ మధ్య ఆ రెండు నెలలు ఊరందరికీ ఎప్పుడో గడిచిపోయాయి, నాకు మాత్రం ఇంకా గడవలేదు.