ఆకు రేటు తెగిన రోజు

తునికాకు కోతకు ముందు మా ఊళ్ళో రేటు పంచాయితీ జరుగుతుంది. ఆకు కట్టకు ఎంత ఇవ్వాలో గుత్తేదారూ, ఆకు కోసే ఆడవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. తేలేదాకా ఒక్కరూ అడవిలోకి పోరు. ఆకేమో ఎవరి కోసమూ ఆగదు, ముదిరితే బీడీకి పనికిరాదు. అందుకే రెండు వైపులా లోపల గుబులు, పైకి మాత్రం ఎవరి బింకం వారిది.

మధ్యలో నేను. మా నాన్న కోస్తా నుంచి వచ్చి, టేకులపల్లి దాటాక ఉన్న ఈ పల్లెలో కిరాణా కొట్టు పెట్టాడు. నేను పుట్టింది ఇక్కడే. కొట్టు ముందు ఆడుకున్న పిల్లల దగ్గరే కోయ భాష నేర్చుకున్నాను. ఆడవాళ్ళకు తెలుగు వచ్చు. అయినా కూలి మాట వచ్చేసరికి తమ భాష వదలరు. తెలుగులో మాట్లాడితే గుత్తేదారుదే పైచేయి అవుతుందని వాళ్ళ పట్టు. ఆయనకు ఆ భాష ముక్క రాదు. అలా ఏటా నాకు పిలుపొస్తుంది.

అమ్మానాన్నలు పోయాక కొట్టు వెనక గదిలో ఒక్కడినే ఉంటున్నాను. పెళ్ళి కుదరలేదు. ఎందుకు కుదరలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. పండగ సామాను నా దగ్గరే కొంటారు, భోజనానికి పిలవడం మరిచిపోతారు. కోపముండి కాదు. వాళ్ళకు నేను సావుకారిని, అంతే. ఈసారి మధ్యవర్తిత్వం బాగా చేస్తే ఊరివాడిగా చూస్తారేమోనని ఆశపడ్డాను. నవ్వుకుంటే నవ్వుకోండి, యాభై దాటినవాడు ఆశపడకూడదని ఎక్కడా రాసి లేదు.

ఈ వేసవిలో రేటు కంటే డబ్బు ఎలా ఇవ్వాలన్న దగ్గరే పేచీ వచ్చింది. గుత్తేదారు బ్యాంకు ఖాతాల్లో వేస్తానన్నాడు.

"రూల్ గట్లనే ఉంది తమ్మీ. చేతికిస్తే రేపు నన్ను లెక్క అడుగుతరు. బీడీల మీద పన్ను, లారీ కిరాయి, అన్నీ పెరిగినయ్. నేనేడికెల్లి తేవాలె?"

అది ఆడవాళ్ళకు చెప్పాను. వాళ్ళ తరఫున మాట్లాడే ముసలమ్మ గడగడా అందుకుంది. ఆమె మాటను గుత్తేదారుకు ఇలా అప్పజెప్పాను.

"బ్యాంకు మండలంల ఉంది. పైసలు తెచ్చుకోవాలంటే ఆటో కిరాయి పాయె, ఆ దినం కూలి పాయె. వేలిముద్ర పడకపోతే మళ్ల పోవాలె. గా ఖర్చు రేటుల కలపమంటుంది."

"బ్యాంకు కిరాయి గూడ నన్నే పెట్టుకోమంటవా?" అని ఆయన నా మీదే గుడ్లురిమాడు. ఆయన కుదరదన్నాడని చెబితే ఆడవాళ్ళూ నన్నే గుర్రుగా చూశారు. అటు తిట్లను కాస్త మెత్తబరిచి ఇటు, ఇటు కసుర్లను మెత్తబరిచి అటు చెబుతూ వచ్చాను. అసలు తిట్లన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

మధ్యాహ్నానికి తెగింది. కట్టకు కొంత పెరిగింది. డబ్బు ఖాతాలోనే వేస్తారు, కానీ వేలిముద్ర మిషన్ మనిషిని వారం వారం ఆకు ఎండబెట్టే కల్లం దగ్గరికే రప్పించాలి, అతని రాకపోకల ఖర్చు గుత్తేదారుది. నిజానికి ఆ ఉపాయం నాదే. గుత్తేదారు అది ముసలమ్మ మాట అనుకున్నాడు, ముసలమ్మ గుత్తేదారు మాట అనుకుంది. నేను దిద్దలేదు.

రేటు తెగాక కల్లు పోసుకోవడం ఇక్కడి ఆచారం. ఇక తగాదా లేదని దానర్థం. ఎవరికి వారు పోసుకోకూడదు, ఎదుటి వరసవాళ్ళు పోయాలి. ఇంతకుముందు పంచాయితీ ముగియగానే కొట్టు తెరవాలని వచ్చేసేవాడిని. ఈసారి ఉండిపోయాను. ఆడవాళ్ళు ఒక వరస, గుత్తేదారు మనుషులు ఒక వరస కూర్చున్నారు. ఏ వరసలో కూర్చోవాలో తేల్చుకోలేక నేను చివర కూర్చుని మోదుగాకుతో దొప్ప కుట్టుకున్నాను. కుండ అటూ ఇటూ తిరిగింది, నవ్వులు లేచాయి. నా ఎదురుగా ఎవరూ లేరు. సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. దొప్ప పక్కన పెట్టేశాను.

గుత్తేదారు జీపెక్కుతూ అడిగాడు.

"ఏం తమ్మీ, వాళ్లు పోసిన్రా నీకు?"

"అవ్, పోసిన్రు," అన్నాను.

సాయంత్రం ముసలమ్మ ఉప్పు కోసం కొట్టుకు వచ్చింది. గుత్తేదారు మనుషులు కల్లు పోశారా అని తన భాషలో అడిగింది. పోశారని ఆమె భాషలోనే చెప్పాను.