పేరు రాయని ప్రార్థన

ఆ చీటీ రాసింది నేనే. ఇన్నాళ్లలో ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక స్కూలు క్యాఫెటేరియాను అద్దెకు తీసుకుని ఆదివారాలు కూడుకునేది. మాలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు, ముసుగు లేకుండా కూర్చోరు, సభలో గొంతెత్తి ప్రార్థన చేయరు. మా విన్నపాలు చీటీల మీద రాసి గుమ్మం దగ్గరి అట్టపెట్టెలో వేస్తే, సంఘపెద్ద వాటిని చదివి అందరిచేత ప్రార్థన చేయించేవారు. నలుగురిలో నోరు విప్పలేని నాకు ఆ పెట్టె అంటే ఇష్టం.

మంచులో కారు నడపడం నాకు భయం. అందుకని సంఘంలోనే పరిచయమైన ఒక అక్క వచ్చి నన్ను తీసుకెళ్లేది. కార్ల కంపెనీలో ఇంజినీరు. మా ఇంట్లో కథల పుస్తకాలు పనికిరావు. లైబ్రరీ నుంచి నేను తెచ్చుకునే నవలలు ఆమె కారు డిక్కీలో, ఒక గుడ్డసంచిలో ఉండేవి. వారానికొకటి బైబిలు సంచిలో దాచుకుని ఇంటికి తీసుకెళ్లేదాన్ని.

ఒక ఆదివారం పార్కింగ్‌లో ఆమె అద్దంలో చూసుకుంటూ చెవుల నుంచి చిన్న ముత్యాల దుద్దులు తీసింది.

"రోజూ ఆఫీస్‌కి పెట్టుకుంటానే. ఇవాళ తియ్యడం మర్చిపోయా. అలా చూడకు, నరకానికి పోనులే."

"నొప్పిగా ఉండదా?"

"ఏంటి, పాపమా?"

"కాదక్కా, చెవి."

పగలబడి నవ్వి, ఒక దుద్దు నా అరచేతిలో పెట్టింది. నా చెవులు కుట్టించలేదు. దాన్ని చెవికి ఆనించి అద్దంలో చూసుకున్నాను. తిరిగి ఇచ్చేశాను కానీ, ఇవ్వబుద్ధి కాలేదు.

తర్వాతి వారం చీటీ రాశాను: "ఆఫీసులో చెవిదుద్దులు పెట్టుకునే ఒక సహోదరి కోసం ప్రార్థించండి." పేరు రాయలేదు. ఆమె మేలు కోరే రాశాననుకున్నాను. మరి అద్దంలో చూసుకున్నప్పుడు నాకు కలిగిన ఆశ గురించి ఎందుకు రాయలేదో ఇప్పటికీ తెలియదు.

సంఘపెద్ద చదివి కళ్లజోడు తీశారు. "ఎవరమ్మా ఆ సిస్టర్? లేచి నిలబడాలి. మేం వెయిట్ చేస్తాం."

వంటగదిలో ఫ్రిజ్ మోత వినిపిస్తోంది. నేను నేల మీద పలకలు చూస్తూ కూర్చున్నాను. పక్క కుర్చీ కిర్రుమంది.

"నేనే అంకుల్," అంది అక్క.

"ఒప్పుకుంటున్నావా తల్లీ?"

"పెట్టుకుంటానని ఒప్పుకుంటున్నా అంకుల్. తప్పని మాత్రం అనిపించట్లేదు."

"జాబ్ చేసే పిల్లలు కదా, మనకే నేర్పుతారు," అని ఒక ఆంటీ నలుగురికీ వినబడేలా గొణిగింది.

మూడు నెలలు ఆమె వెనక వరసలో కూర్చోవాలన్నారు, ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోకూడదన్నారు. పళ్లెం నా దాకా వచ్చేది, ఆమె దాకా పోయేది కాదు. ఒకసారి నా ముక్క మింగుడుపడక కోటు జేబులో వేసుకున్నాను. అది ఆమె చేసినదానికంటే పెద్ద తప్పేమో. ఎవరిని అడగాలి? చీటీ రాయాలన్నా భయమేసింది.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం ఆమె కారు మా ఇంటి ముందు ఆగేది. దుద్దుల సంగతి నాకొక్కదానికే చెప్పింది. చీటీ ఎవరిదో ఆమెకు తెలియకుండా ఉండదు. అయినా ఒక్క మాట అడగలేదు. తిట్టి ఉంటే నాకు ఏడవడానికి వీలుండేది. ప్రతి ఎర్రలైటు దగ్గరా చెప్పేద్దామనుకునేదాన్ని. అంతలో, నా నవలల సంగతి మా ఇంట్లో చెప్పేస్తుందేమోనన్న భయం అడ్డుపడేది. నిజంగా సిగ్గుపడుతున్నానో, భయపడుతున్నానో నాకే తేలేది కాదు.

మూడు నెలలు నిండకముందే ఆమెకు దూరంగా, సియాటెల్ దగ్గర బాతెల్‌లో ఉద్యోగం వచ్చింది. చివరి ఆదివారం నన్ను ఇంటి దగ్గర దింపి డిక్కీ తెరిచింది. ముసుగు తీసేసింది, చెవులకు ముత్యాలున్నాయి. గుడ్డసంచి నా భుజానికి తగిలించింది. లోపల నాలుగు నవలలు.

"అక్కా, ఆ చీటీ..." అన్నాను.

ఆమె నా కోటు సంచి మీదికి లాగి, బొత్తాం పెట్టింది.

"మీ డాడీ కిటికీలోంచి చూస్తున్నారు, జాగ్రత్తగా వెళ్లు. ఈ పుస్తకాల గురించి నేనెవరికీ చెప్పలేదు."