కల్వర్టు దగ్గర తగ్గే గ్లాసెడు నీళ్లు

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునే రకం నేను. బండి మొరాయిస్తే కారణం బండిలోనే ఉంటుందని నమ్మే డ్రైవర్ని. ఇప్పటికీ అలాగే నమ్మాలని ఉంది.

ఫ్యాక్షన్ రోజుల్లో జమ్మలమడుగు అవతల ఒక నాయకుడికి జీపు నడిపేవాణ్ణి. బండిని మెకానిక్ షెడ్డులో వదిలి రాకూడదని మా వాళ్ల కట్టుబాటు. ఎదుటి పార్టీ వాళ్లు బాంబు పెడతారని భయం. రేడియేటర్ మాత్రం నెల రోజులుగా చెబుతూనే ఉంది. తెల్లారితే బండి కింద తడి, మూత తీస్తే తుప్పు నీళ్లు, ఎత్తు ఎక్కితే ఇంజను వేడి చూపించే మీటరు ముల్లు పైకి. నేను వెధవలాగా ఒక క్యాను నీళ్లు పెట్టుకుని నెట్టుకొచ్చాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా అక్క కొడుకు ఓబులేసును పొలం దగ్గర కడుపులో పొడిచారు. జమ్మలమడుగు ఆస్పత్రి దగ్గర ఎదుటి పార్టీ మనుషులు కాపు కాశారని, నేరుగా ప్రొద్దుటూరు ఆస్పత్రికి పొమ్మన్నారు మా వాళ్లు. వెనక సీట్లో వాడు, ముందు నేను, అంతే. దారిలో ఒక కల్వర్టు దగ్గర ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది.

క్యాను తీసుకుని దిగాను.

"మామా, ఒక గ్లాసు నీళ్లియ్యి మామా. నోరు ఎండుకపోతాంది."

"ఓర్చుకోరా. బండికే చాలవు. ఇది కదలకపోతే నిన్ను యాడికి తీసకపోయేది?"

చివరి చుక్క దాకా రేడియేటర్‌లోనే పోశాను. బండి కదిలింది. ప్రొద్దుటూరు చేరేలోపే వాడు పోయాడు. కడుపులో కత్తిపోటుకు నీళ్లివ్వకపోవడమే మంచిదని, నేనేమీ అడక్కుండానే డాక్టరు అన్నాడు. అక్కకు ఆ మాట కూడా చెప్పలేదు. చెబితే వాడు నీళ్లడిగిన సంగతి చెప్పాల్సి వస్తుంది.

తర్వాత ఎవర్నీ అడక్కుండా కొత్త రేడియేటర్ వేయించాను. అయినా ఆ కల్వర్టు దగ్గరికి రాగానే ముల్లు లేచేది. చల్లారాక మూత తీస్తే నీళ్లు తగ్గి ఉండేవి. కింద పొడి నేల, హోసులు పొడి, ఇంజన్ ఆయిల్‌లోనూ నీళ్లు కలవలేదు. ప్రొద్దుటూరు మెకానిక్ రేడియేటర్‌లోకి గాలి కొట్టి చూసి, "యాడా లీకు లేదప్పా" అన్నాడు. తగ్గినవి కొలిచి పోశాను. ప్రతిసారీ సరిగ్గా ఒక గ్లాసు.

జీపు పోయి కారొచ్చినా అంతే. చివరికి కల్వర్టుకు ముందే ఆగి, ఒక గ్లాసు నీళ్లు నేల మీద పోసి పోవడం మొదలుపెట్టాను. అలా పోసిన రోజు ముల్లు కదలదు.

మొన్న అక్కను ఆస్పత్రికి తీసుకెళ్తూ, ఆమె ముందు ఆ పని చేయలేక ఆగకుండా పోయాను. ముల్లు లేచింది. దిగి, మూత మీద గుడ్డ వేసి నిలబడ్డాను. వెనక సీట్లోంచి అక్క అడిగింది.

"ఆ పొద్దు వాడు నీళ్లడిగినాడేమిరా?"

ఆ మాట నేను ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు.