సైటు అడుగున బంధుమిత్రులు

తడిబట్టలతో నిలబడి చెబుతున్నాననుకోండి. ఇందులో ప్రతి అక్షరం నిజం. మల్లన్న మీద ఒట్టు, మా బావ మంద మీద ఒట్టు. నా మాట నమ్మరని నాకు తెలుసు. సూర్యాపేటలో నన్నెరిగినవాళ్ళు నేను చెప్పినదాంట్లో సగానికి మించి నమ్మరు, మా అక్క పావు వంతు దగ్గరే ఆగిపోతుంది. తడిసిన గొంగడిని పిండితే ఎండిపోయిన బావి నిండిందని ఒకసారి పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను. ఆ పేరు ఇంకా పోలేదు. అయినా ఈసారి మాత్రం నమ్మండి.

మా అక్కను తుంగతుర్తి అవతల పల్లెలో ఇచ్చారు. బావకు కొన్ని గొర్లున్నాయి, ఒక మగ్గం ఉంది. అక్క ఉన్ని వడుకుతుంది, బావ గొంగళ్ళు నేస్తాడు. చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ గొంగడి మీద వాన పడితే జారిపోవాల్సిందే. కానీ అంగట్లో ప్లాస్టిక్ కోట్లు దిగాక గొర్లకాపరులు కూడా అవే తొడుక్కోవడం మొదలుపెట్టారు. బావ అంగడికి మోసుకెళ్ళిన గొంగళ్ళు మోసుకెళ్ళినట్టే తిరిగొచ్చేవి. అప్పుడు నలభై దాటిన నేను, ఎరువుల దుకాణంలో గుమాస్తా పని మానేసి ఖాళీగా ఉన్న నేను, "బావా, ఇంటర్నెట్టుల అమ్ముదాం" అన్నాను. అది రెండువేల పదకొండు.

సైటు తయారుచేసింది సూర్యాపేటలో పెళ్ళి పత్రికలు అచ్చువేసే మిత్రుడు. పత్రికల గిరాకీ లేని నెలల్లో కాలక్షేపానికి వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఓ నలభై దుకాణాలకు ఇతనే చేసిపెట్టాడు. చేయి తిరిగింది పెళ్ళి పత్రికల్లో కాబట్టి, ప్రతి సైటు అడుగున పత్రిక మీద వేసినట్టే "బంధుమిత్రుల అభినందనలతో" అని ఒక వరుస వేసి, మిగతా ముప్పైతొమ్మిది దుకాణాల పేర్లు పెట్టాడు. పేరు మీద నొక్కితే ఆ దుకాణం తెరుచుకుంటుంది. నువ్వు మా ఇంటికొస్తే మేం మీ ఇంటికొస్తాం అన్నట్టు, నా పేరు నీ దాంట్లో ఉంటే నీ పేరు నా దాంట్లో. ఇందులో తప్పేముంది? పత్రికలో పేరు మరిచిపోతే తరాలు మాట్లాడుకోని ఇళ్ళు మాకు తెలుసు.

ఇంటర్నెట్టులో అడిగింది వెతికిపెట్టే సెర్చ్‌కు కూడా మొదట్లో ఇది బాగా నచ్చింది. ఇంతమంది తమ సైట్లలో ఒకడి పేరు పెట్టుకున్నారంటే వాడు మంచివాడే అయ్యుంటాడని లెక్కేసుకుని, గొంగడి అని కొట్టినా, ఉన్ని దుప్పటి అని కొట్టినా మొదటి పేజీలో మమ్మల్నే చూపించేది. బెంగుళూరు నుంచి, పుణె నుంచి ధ్యానం చేసుకునేవాళ్ళు, నడుము నొప్పివాళ్ళు అడిగేవారు. బావ నేస్తూనే ఉండేవాడు. నేను పార్సిళ్ళు కుడుతూనే ఉండేవాణ్ణి.

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో ఆర్డర్లు ఆగిపోయాయి.

తగ్గడం కాదు, ఆగిపోవడం. నా కంప్యూటర్‌లో వెతికితే మా దుకాణం పైనే కనబడుతోంది. మరి జనానికేమైంది? ఎండలకు ఉన్ని మాటెత్తరులే అని సర్దిచెప్పుకున్నాను. అలా ఒక వారం పోయింది. కోదాడ పోతూ మునగాల దగ్గర ధాబాలో చాయ్‌కి ఆగి, పక్క బల్ల మీద కూర్చున్న లారీ యజమానిని బతిమాలి అతని ఫోన్‌లో వెతికించాను. మొదటి పేజీలో లేదు. రెండులో లేదు. ఏడో పేజీ దాకా పోయి అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అన్నా, నీ దుకాణం ఉన్నదా, కథ జెప్తున్నవా?"

రోజుకు ఇరవైసార్లు నా దుకాణం నేనే తెరుస్తుంటే, నా కంప్యూటర్ నాకిష్టమైంది నాకు చూపిస్తోందట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

అదే సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"ఏం బామ్మర్దీ, ఒక్క పార్సిలు గూడ లేదు. మీ కంప్యూటర్‌కు చెదలు బట్టినయా?"

"మంచిగనే ఉంది బావా. జర నెమ్మది పడు."

"నేను నెమ్మదిగనే ఉన్న. పట్నంల పని ఇప్పిచ్చే మేస్త్రీ నెమ్మదిగ లేడు. అపార్టుమెంట్ల వాచ్‌మన్ కొలువు ఉన్నదట. కిరాయి లేకుంట అర్ర గూడ ఇస్తరట. వానలు పడేలోపు ఏదో ఒకటి జెప్పమన్నడు."

"మరి మగ్గం?"

"మగ్గం నెత్తినబెట్టుకొని పోతనా? కట్టెలు మీ అక్క పొయ్యిల బెడ్తది."

నవ్వుతూనే అన్నాడు. వెనకాల అక్క మాత్రం నవ్వలేదు, అది ఫోన్‌లో కూడా తెలిసింది.

మర్నాడు పత్రికల మిత్రుడి దగ్గరికి పోయాను. అతను సైటు లోపలి పెట్టె తెరిచి సెర్చ్ కంపెనీవాళ్ళు పంపిన ఒక ఇంగ్లీషు ఉత్తరం చూపించాడు. వచ్చి మూడు వారాలైంది, ఇద్దరం చూసుకోలేదు. మీ సైటు వైపు చూపే పేర్లు సహజంగా లేవు, అందుకని వెనక్కి నెట్టాం అని దాని సారాంశం.

"రూలు మార్చిండ్రన్నా. ఒకళ్ళ పేరు ఒకళ్ళు పెట్టుకుంటే కుమ్మక్కైనట్టు లెక్క."

"కుమ్మక్కేంది? చుట్టరికం."

"గా చుట్టరికం దానికెర్కలే. అన్ని దిక్కుల పేర్లు తీపిచ్చి, తప్పైందని ఉత్తరం రాయాలె. మనుషులే చదువుతరట."

మనుషులే చదువుతారనగానే నా ప్రాణం లేచొచ్చింది. మనుషులకు కథ చెప్పడం నాకు కొత్త కాదు. ఒక్క పేరు కూడా తీయించకుండా కూర్చుని ఉత్తరం రాశాను. ప్లాస్టిక్ కోట్ల వ్యాపారులు నా మీద పగబట్టి, నలభై దుకాణాల్లోకి దొంగతనంగా చొరబడి, నా పేరు చెక్కిపోయారని రాశాను. మిత్రుడు తన ఇంగ్లీషు కలిపి పంపాడు. పది రోజులు గోడ క్యాలెండర్ చూస్తూ గడిపాను. జవాబు రెండు వాక్యాలు. పేర్లు ఇంకా అక్కడే ఉన్నాయి. ఉదాహరణకు రెండు చోట్లు ఇచ్చారు: కోదాడలో ఫంక్షన్ హాలు, మిర్యాలగూడలో రైస్ మిల్లు. ఇక దారి లేక మిత్రుడి చేత అందరికీ ఫోన్లు చేయించాను. ముప్పైయేడు మంది ముక్కుతూ మూలుగుతూ ఒప్పుకున్నారు. ఈ ఇద్దరూ మాత్రం "మనిషిని రమ్మను" అన్నారు.

ఫంక్షన్ హాలు నడిపేది పెద్దావిడ. ఎప్పుడు పోయినా మజ్జిగ ఇస్తుంది. సంగతి చెప్పగానే గ్లాసు నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది.

"అదేంటండీ! మా పేరు పక్కన మీ పేరుండటం మీకంత చిన్నతనమా?"

"అట్ల కాదమ్మా. మా జ్యోతిష్యుడు ఫంక్షన్ హాళ్ళ పక్కన నా పేరు ఉండొద్దన్నడు. గ్రహాలు..."

"మీ జ్యోతిష్యుడు వెబ్‌సైట్లు కూడా చూస్తాడా? భలేవాడండీ. ఆ గాలి కబుర్లు కట్టిపెట్టి అసలు సంగతి చెప్పండి."

చెప్పాను. బావ సంగతి, మేస్త్రీ సంగతి, మగ్గం కట్టెల సంగతి. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ గ్లాసు ముందుకు జరిపింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా. తీయించేస్తాను. కానీ మా మనవరాలి ఓణీల ఫంక్షన్ కార్డు మీద మాత్రం మీ పేరు వేయిస్తా. దాన్ని ఎవరు తీయిస్తారో చూస్తా."

మిర్యాలగూడ మిల్లు యజమాని నాతో బడిలో చదివినవాడు. తన బియ్యం సైటులో అడుగున ఒక్కచోట కాదు, ప్రతి పేజీలోనూ నా పేరు వేయించాడు. ఉడికిన వడ్ల వాసన మధ్య, గోనెసంచుల మీద కూర్చోబెట్టి అంతా విన్నాడు.

"తియ్యరా బాబూ, నీకు దండం పెడత."

"మొన్న కొత్తింట్ల పాలు పొంగిచ్చిననాడు రాలే. గిప్పుడు పేరు తియ్యమంటున్నవ్. తెంపుకుందామని సూస్తున్నవా?"

"జరమొచ్చి రాలేదురా."

"జరమా? గప్పుడు పులి అడ్డమొచ్చిందన్నవ్ గదరా?"

అన్నాను. ఆ సంగతి మరిచిపోయాను. నిజంగా జ్వరమేనని మందుచీటీ చూపిస్తానన్నా వినలేదు. "అచ్చుల పడ్డ పేరు నేను గొట్టెయ్య. మా నాయిన ఉన్నప్పటి సంది మా ఇంట్ల గా అలవాటు లేదు" అని లేచి, బస్సు దాకా వచ్చి, ఐదు కిలోల బియ్యం సంచి చేతిలో పెట్టి పంపాడు. కిటికీలోంచి చూస్తే పడమటి దిక్కు నల్లబడుతోంది. ఊళ్ళో అందరూ ఆ మబ్బు కోసం ఎదురుచూస్తుంటే నేనొక్కణ్ణే అది పక్కకు పోతే బాగుండునని కూర్చున్నాను.

రెండో ఉత్తరం రాయడం నా బతుకులో కష్టమైన పని. కల్పించడానికి ఒక్క ముక్క కూడా లేదు. మా దగ్గర శుభకార్యమైతే కింద అయినవాళ్ళ పేర్లు వేస్తాం, దుకాణాలకూ అలాగే వేసుకున్నాం, అది మిమ్మల్ని మోసం చేయడమని తెలియదు, మొదటి ఉత్తరంలో చెప్పింది అబద్ధం అని రాశాను. ముప్పైయెనిమిది పేర్లు తీయించాను, ముప్పైతొమ్మిదోది తీయించలేకపోయాను, ఆయన నా మీద ప్రేమతో తీయనంటున్నాడు అని కూడా రాశాను. మిత్రుడు చదివి తలెత్తి నన్ను చూశాడు.

"అన్నా, పానం మంచిగనే ఉన్నదా?"

పన్నెండో రోజు జవాబు వచ్చింది. శిక్ష ఎత్తేశామన్నారు. ఈసారి పరుగెత్తి మెడికల్ షాపువాడి ఫోన్‌లో వెతికించాను. మూడో పేజీ. మొదటి పేజీకి రాలేదు. చుట్టాల పేర్ల మీద ఎక్కిన ఎత్తు చుట్టాల పేర్లతోనే పోయింది, ఇక మా సొంత కాళ్ళ మీద ఎక్కాలి అన్నాడు మిత్రుడు. ఎన్నాళ్ళు పడుతుందంటే ఏడాదైనా పట్టొచ్చన్నాడు. అంతలో అక్క ఫోన్. తొలివాన పడిందట. పొద్దున్నే మేస్త్రీ వస్తున్నాడట. బావ మగ్గం దగ్గరే కూర్చున్నాడట.

అప్పుడే, సరిగ్గా అప్పుడే, మైసూరు నుంచి ఒకాయన మా సైటు చూసి ముప్పై గొంగళ్ళు కావాలని అడిగాడు. దొరికిన బస్సెక్కి పల్లెకు పోయి ఆ మాట బావ చెవిన వేశాను. బావ చేతిలో దారం పక్కన పెట్టాడు. తర్వాత మేస్త్రీకి ఫోన్ చేసి "ఇగ నేను రాను, వేరేవాళ్ళను సూస్కో" అన్నాడు. అక్క ఉన్ని బుట్ట బయటికి తెచ్చింది.

మొదట ఒట్టు వేశాను కనుక ఇది చెప్పక తప్పదు. మైసూరాయన లేడు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాశాను, ఆయన్ని మాత్రం సూర్యాపేట బస్టాండుకూ తుంగతుర్తికీ మధ్య బస్సులో కూర్చుని పుట్టించాను. ముందు బావ కోసం, ఇప్పుడు మీ కోసం కూడా. బావ నేసిన ముప్పై గొంగళ్ళూ మా ఇంట్లో అటక మీదికి ఎక్కాయి, వాటి డబ్బు అప్పు తెచ్చి నేనే ఇచ్చాను. వేపాకు వేసి, పురుగు పడుతుందేమోనని వారానికోసారి దించి చూసుకుంటూ బతికాను. సైటు చలికాలానికి రెండో పేజీకి, మరుసటి ఏడు మొదటి పేజీ అడుగుకు పాకింది. గొంగళ్ళు ఒకటొకటిగా కదిలాయి. బావ ఇంకా నేస్తున్నాడు. ఎప్పుడు పోయినా మగ్గం మీంచి తల తిప్పకుండా అడుగుతాడు.

"బామ్మర్దీ, మైసూరాయన మల్ల ఏమన్న అడిగిండా?"

"బాగున్నయన్నడు బావా" అంటాను.

అక్క వడకడం ఆపి నా వైపు చూస్తుంది. పావు వంతు కూడా నమ్మినట్టు ఉండదు.